ఫ్లాట్ అమ్ముదామంటే కిరాయికున్నాయన కదలట్లేదు, బయానా తీసుకుని ఇరుక్కుపోయాం

హన్మకొండ పిల్లగాడు:
అందరికీ నమస్తే, పోస్ట్ కొంచెం పెద్దగా ఉంటది, ఏమనుకోకండి. మల్కాజిగిరిలో మా అమ్మ పేరు మీద టూ బెడ్రూమ్ ఫ్లాట్ ఉంది, నాన్న రిటైర్ అయినప్పుడు వచ్చిన పైసలతో 2009లో కొన్నది. నాన్న పోయినంక అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఫ్లాట్ కిరాయికి ఇచ్చాం. ఇప్పుడున్నవాళ్లు ఆరేళ్ల నుంచి ఉన్నారు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మొదట్లో 11 నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం, అది అయిపోయాక మళ్లీ రాయలేదు, ఎవరికీ గుర్తే రాలేదు. కిరాయి 16 వేలు, అడ్వాన్స్ రెండు నెలలది 32 వేలు మా దగ్గరుంది. నిజం చెప్పాలంటే ఐదేళ్లు వాళ్లతో ఒక్క గొడవ లేదు, ఐదో తారీఖు రాకముందే ఫోన్‌పే కొట్టేవాడు.

పోయిన జూన్‌లో అమ్ముతున్నాం అని చెప్పాం, అప్పుడు మొదలైంది. ఆషాఢంలో ఇల్లు మారకూడదు, శ్రావణంలో మంచిరోజు చూసుకుని పోతాం అన్నాడు. అమ్మ కూడా నిజమే కదా అంది. శ్రావణం వచ్చింది, ఇళ్లు దొరకట్లేదన్నాడు. భాద్రపదంలో పితృపక్షాలు. దసరాకి ఊరెళ్లాడు. కార్తీకంలో ఫోనే ఎత్తలేదు. ఇప్పుడు పుష్యం, శూన్యమాసం అంట. అసలు పంచాంగంలో ఇల్లు ఖాళీ చేసే నెల ఏదైనా ఉందా?

సెప్టెంబర్ నుంచి కిరాయి కూడా ఆపేశాడు, డిసెంబర్ దాకా నాలుగు నెలలకి 64 వేలు. కొనడానికి వచ్చినోళ్లని లోపలికి రానివ్వడు, వాచ్‌మన్ చెప్పాడు, గుమ్మం దగ్గరే నిలబెట్టి బాత్రూమ్ గోడకి చెమ్మ వస్తుంది, ఎండాకాలం ట్యాంకర్లే దిక్కు అని చెప్పి పంపించేస్తున్నాడంట (చెమ్మ మాట నిజమే, అది వేరే విషయం). అయినా ఒకాయన ధైర్యం చేసి 62 లక్షలకి ఒప్పుకుని నవంబర్‌లో 5 లక్షలు బయానా ఇచ్చాడు. ఫిబ్రవరి ఆఖరుకల్లా ఖాళీ ఇల్లు చేతికిస్తాం, లేకపోతే బయానా డబుల్ ఇస్తాం అని అగ్రిమెంట్‌లో రాసేశాం. మీడియేటర్ రాయమన్నాడు, రాశాం, అంతే.

ఇప్పుడేమో కిరాయికున్నాయన లక్షన్నర ఇస్తే ఖాళీ చేస్తా అంటున్నాడు, కిరాయి బాకీ ఊసెత్తకుండా. మా ఇంట్లోంచి పోవడానికి మేమే ఎదురు పైసలివ్వాలా? మా బావ నలుగురిని తీసుకుపోయి సామాన్లు బయటపెడదాం, కనీసం ఫ్యూజ్ పీకేద్దాం అంటున్నాడు. ఇంకొకాయన 12 ఏళ్లుంటే ఇల్లు వాడిదే అయిపోతది అని అమ్మని భయపెట్టాడు, ఆమెకి నిద్ర లేదు. ఏం చేయమంటారు?

నల్లకోటు:
బ్రదర్, ముందు మీ బావగారిని హన్మకొండ దాటనివ్వకండి. సామాన్లు బయటపెడితే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు ఆయన కేసు వేసి మళ్లీ లోపలికి వచ్చి కూర్చోవచ్చు, అక్కడ ఇల్లు ఎవరిదని చూడరు, చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టారా లేదా అదొక్కటే చూస్తారు. ఇప్పటిదాకా తప్పు ఆయనది, ఫ్యూజ్ పీకిన రోజు నుంచి మీది.

అమ్మగారిని పడుకోమనండి. కిరాయిదారుగా లోపలికొచ్చినవాడు ఆ కిరాయి నడుస్తున్నంత కాలం మీరు ఓనర్ కాదు అనలేడు. ఆ 12 ఏళ్ల లెక్క మొదలయ్యేది కిరాయి ఒప్పందం రద్దయ్యాక, అప్పటికీ మీరు ఏ కేసూ వేయకుండా ఊరుకుంటే వచ్చే సమస్య అది. మీది అసలు అక్కడిదాకా రాలేదు.

అగ్రిమెంట్ అయిపోయాక కూడా నెలనెలా కిరాయి తీసుకున్నారు కాబట్టి ఆయన నెలవారీ కిరాయిదారు కింద లెక్క. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 1882ది, అందులో సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి, నోటీసు అందిన రోజు నుంచి లెక్క. అమ్మగారి పేరు మీదే వెళ్లాలి, ఓనర్ ఆమె కాబట్టి. పాతకాలం వాళ్లు రిజిస్టర్డ్ పోస్ట్ అంటారు, 2025లో దాన్ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు, అందినట్టు రుజువు తిరిగొచ్చేలా పంపండి. ఎవరైనా రెంట్ కంట్రోల్ కోర్టుకెళ్లు అంటే వినకండి, ఆ 1960 కిరాయి నియంత్రణ చట్టానికి 2005లో సవరణ వచ్చాక కార్పొరేషన్ ఏరియాలో నెలకి 3,500 దాటిన కిరాయిలు దాని పరిధిలోకి రావు, మీది మామూలు సివిల్ కోర్టు వ్యవహారం. ఇంకోటి, నోటీసు గడువు అయిపోయాక ఆయన సడెన్‌గా కిరాయి కొడితే ఆనందంగా తీసేసుకోకండి, నోటీసు వదులుకున్నారు అని వాదిస్తారు. ఇది కిరాయి కాదు, ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారం కింద తీసుకుంటున్నాం అని రాసి మెసేజ్ పెట్టండి.

ఇదంతా చెప్పాక అసలు మాట. ఫిబ్రవరి ఆఖరుకి కోర్టు నుంచి తాళాలు రావు, వస్తాయని ఏ లాయర్ చెప్పినా నమ్మొద్దు, ఫీజు తీసుకునే నేనే చెప్తున్నా. నోటీసు పంపండి, పక్కనే బేరం కూడా నడపండి. నోటీసు లేకుండా మాట్లాడితే మీ మాటకి బరువుండదు.

రెండో అంతస్తు ఆంటీ:
బాబూ, మాది విజయవాడ. ఫ్యూజ్ సంగతి నన్నడుగు. మూడేళ్ల కిందట కింద వాటాలో ఉన్నాయన ఇలాగే మొండికేస్తే నేను కోపంలో వాళ్ల వాటాకి నీళ్ల లైను కట్టేశాను, రెండు రోజులంటే రెండే రోజులు. వాళ్లావిడ ఖాళీ బిందెలతో సహా వీడియో తీసి పెట్టుకుంది. మూడో రోజుకి స్టేషన్ నుంచి ఫోను, వారం తిరక్కుండా కోర్టు నుంచి ఇంజంక్షన్, అంటే నీళ్లు ఆపకూడదని ఆర్డరు. అప్పటిదాకా వీధిలో అందరూ పాపం అని నా వైపే ఉన్నారు, ఆ బిందెల వీడియో చూశాక కూరగాయల బండి అబ్బాయి కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు అంటే నమ్ము. చివరికి ఆయన ఖాళీ చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది, మొదట్లో ఆయన అడిగింది నలభై వేలు. ఆ నలభై వేలు నా మొహాన కొట్టినట్టు ఇప్పటికీ గుర్తొస్తుంది. లాయరుకిచ్చింది నేను చెప్పను, మావారు కూడా ఇది చదువుతారు.

టులెట్ బతుకు:
కోప్పడకండి, నేను అటువైపు మనిషిని. పోయినేడు మా ఓనర్ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఆదివారం పూట మేం అన్నం తింటుంటే మీడియేటర్ తాళం చెవి ఊపుకుంటూ ఐదుగురితో వచ్చేశాడు, చెప్పులేసుకుని దేవుడి గది దాకా వెళ్లారు, ఒకాయన మా బీరువా పక్కకి జరిపి గోడ కొట్టి చూశాడు. అలా నాలుగు వారాలు. ఐదో వారం నేనూ గుమ్మం దగ్గరే నిలబడి చెమ్మ గురించి చెప్పాను, అబద్ధం ఎందుకు.

కిరాయి ఆపడం గురించి కూడా చెప్తా. ఇల్లు అమ్ముతున్నారు అనగానే కిరాయికున్నోడి మొదటి భయం అడ్వాన్స్. పాత ఓనర్ కొత్తాయన్ని అడుగు అంటాడు, కొత్తాయన నాకేం ఇచ్చావని అంటాడు. అందుకే చాలామంది అడ్వాన్స్‌కి సరిపడా కిరాయి ఆపేస్తారు. మీ ఫ్లాట్‌లో ఉన్నాయన నాలుగు నెలలు ఆపాడు, అది ఎక్కువే, నేను సమర్థించట్లేదు. కానీ ఒకటి అడుగుతా, ఇద్దరు పిల్లలన్నారు, ఏ క్లాసులు? మీరు ఎప్పుడైనా అడిగారా? ఆషాఢం, శూన్యమాసం అనేవి బయటికి చెప్పుకోడానికి బాగుంటాయి, అసలు కారణం ఎక్కువసార్లు ఇంకేదో ఉంటది.

ఉప్పల్ అన్న:
తమ్మీ, సెక్షన్లు గిక్షన్లు నాకు తెల్వయ్ గని ఒక్కటి చెప్త. నేను మనిషి లోపలుండంగనే అమ్మిన. కొన్నోడు కిరాయి కోసమే కొన్నడు, రిజిస్ట్రేషన్ అయినంక కిరాయి ఆయనకే పోతది, అడ్వాన్స్ ఆయనకు అప్పజెప్పినట్టు కాయిదం రాసుకున్నం, అయిపాయె. కాకపోతే మూడు లక్షలు రేటు కోసిండు. నీ పార్టీ సొంతంగ ఉండనీకె తీస్కుంటుండు గావట్టి ఇది నీకు పనికిరాదు. కని ఆయన దగ్గరికి పోయి మాట్లాడినవా అసలు? అందరు కిరాయోని మీదనే పడుతరు, కొనేటోనికి కూడ నీ ఫ్లాటే గావాలె కద. లోన్ శాంక్షన్ ఎన్ని దినాలు నడుస్తదో అడుగు, గడువు పెంచుకున్నట్టు ఇద్దరు సంతకం పెట్టిన కాయిదం తీస్కో. నోటి మాట మీద ఉండకు. ఇంగో, ఖాళీ కాకముందు ఖాళీ తేదీ రాసి బయానా పట్టుకునుడు ఇంకోసారి చెయ్యకు.

హన్మకొండ పిల్లగాడు:
అందరికీ థ్యాంక్స్. నోటీసు పోయిన సోమవారం పంపించాం, అందింది. తర్వాత ఆదివారం అమ్మని తీసుకుని నేనే వెళ్లాను, బావకి చెప్పలేదు. టులెట్ బతుకు గారు అడిగిన మాటే తలలో తిరుగుతుంది కాబట్టి పిల్లల గురించి అడిగా. పెద్దమ్మాయి టెన్త్. మార్చిలో పరీక్షలు. స్కూల్ నడిచి పోయేంత దగ్గర. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా మాకు చెప్పలేదు, మేం అడగలేదు. ఎందుకు చెప్పలేదు అంటే, చెప్తే మార్చి దాకా కాళ్లావేళ్లా పడాలి, అది నాకు నచ్చదు అన్నాడు. అడ్వాన్స్ భయం కూడా నిజమే, ఇదే బిల్డింగ్‌లో ఇంకొకరికి అలాగే ఎగ్గొట్టారంట. అమ్మ ఆ పిల్ల పుస్తకాలన్నీ హాల్లో పరుచుకుని కూర్చున్నది చూసి నావైపు ఒక చూపు చూసింది, ఇక నేను మాట్లాడేదేముంది.

బేరం ఇట్లా తెగింది. పాత బాకీ 64 వేలు వదిలేస్తున్నాం. జనవరి నుంచి నెలకి 16 వేలు కట్టాలి, నల్లకోటు గారు చెప్పినట్టే వాడుకున్నందుకు అని రాసి తీసుకుంటాం. ఏప్రిల్ 20 లోపు ఖాళీ, తాళాలు చేతిలో పడ్డ నిమిషం అడ్వాన్స్ 32 వేలు, ఇంకో 25 వేలు సామాన్ల ఖర్చు. కొనే ఆయన ఏప్రిల్ ఆఖరు దాకా ఆగడానికి ఒప్పుకున్నాడు కానీ 50 వేలు తగ్గించమన్నాడు, తగ్గించాం. బావ లెక్కేసి లక్షా 39 వేలు పోయాయి కదరా, వాడడిగిన లక్షన్నర ఇస్తే ఏంపోయె అంటున్నాడు. లక్షన్నర ఇచ్చినా ఆ 64 వేలు వచ్చేవి కావు అని చెప్పినా ఎక్కట్లేదు. బయానా డబుల్ అంటే ఐదు లక్షలు మా జేబులోంచి పోయేవి, ఆ లెక్క వేయడు.

ఒక్క డౌట్, ఈ ఒప్పందం వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాస్తే సరిపోతుందా?

నల్లకోటు:
రాయండి, అమ్మగారు, ఆయన, ఆయన భార్య ముగ్గురూ సంతకం పెట్టాలి, భార్యది మర్చిపోవద్దు. ఇద్దరు సాక్షులు, ఒకరు ఆయన వైపు మనిషైతే మంచిది. నోటీసు వెనక్కి తీసుకోవట్లేదు, ఏప్రిల్ 20 దాకా ఆగుతున్నాం అంతే అని స్పష్టంగా ఒక లైన్ ఉండాలి. ఏప్రిల్ వరకు కరెంట్ బిల్లు, మెయింటెనెన్స్ ఎవరివో రాయండి. చూడ్డానికి వచ్చేవాళ్లు ఒక రోజు ముందు ఫోన్ చేసి రావాలి అని కూడా రాయండి, పేపర్ మీద వాళ్లకి కూడా ఏదో ఒకటి కనిపించాలి. ఇరవయ్యో తారీఖు తర్వాత ఒక్క రోజు లేట్ అయినా సూట్ వేయడానికి పేపర్లు రెడీగా పెట్టుకోండి. డబ్బు ముందు రూపాయి కూడా ఇవ్వకండి, లారీ ఎక్కుతున్నాం అన్నా సరే.

హన్మకొండ పిల్లగాడు:
సంతకాలు అయిపోయాయి. సాక్షి కింద వాచ్‌మన్ పెడతా అన్నాడు గానీ ఎందుకులే అని పక్క ఫ్లాట్ ఆయనతో పెట్టించాం. అన్నీ అయ్యాక చివర్లో, బాత్రూమ్‌లో గీజర్ మాది, పోయేటప్పుడు తీసుకెళ్తాం అన్నాడు. నాకు గుర్తున్నంత వరకు అది నాన్న కొన్నది. అమ్మ తీసుకుపో నాయనా అంది.