గుర్రమే కథ చెప్తే చదివేవాళ్ళలో ఏం మారుతుంది? (బ్లాక్ బ్యూటీ మీద ఒక ప్రశ్న)

చదువరి:

ఏడో తరగతిలో మాకు ఇంగ్లిష్ నాన్-డిటెయిల్డ్ బ్లాక్ బ్యూటీ. పల్చటి పుస్తకం, మధ్యమధ్యలో బొమ్మలు. గైడ్‌లో ఉన్న జవాబులు బట్టీపట్టి పరీక్ష రాసేసి మర్చిపోయాను. ఒక మంచి గుర్రం, కొంతమంది మంచి యజమానులు, కొంతమంది చెడ్డ యజమానులు, గుర్తున్నది అంతే. పోయిన నెల మా పాప కోసం పూర్తి పుస్తకం, 49 అధ్యాయాలదీ తెచ్చి, రాత్రిపూట పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్తూ చదువుతున్నాను. మూడో అధ్యాయంలో ఆగిపోవాల్సి వచ్చింది.

అక్కడ గుర్రానికి మొదటిసారి కళ్ళెం వేస్తారు. మనిషి వేలంత లావున్న చల్లటి ఉక్కు ముక్కని పళ్ళ మధ్య నుంచి నాలుక మీదికి తోస్తారు, రెండు కొసలూ నోటి మూలల్లోంచి బయటికొస్తాయి, తల మీదుగా, గొంతు కింద, ముక్కు చుట్టూ, గడ్డం కింద తోలు పట్టీలతో బిగించేస్తారు, ఇక ఏం చేసినా దాన్ని వదిలించుకోలేదు. ఇదంతా పక్కన నిలబడి చూసిన మనిషి చెప్పడం లేదు, ఆ నోరు ఎవరిదో ఆ గుర్రమే చెప్తోంది. మనం పేపర్లో రోజూ "ధరలకు కళ్ళెం", "అవినీతికి కళ్ళెం" అని చదువుతాం కదా, మనకి అది మంచి పనికి వాడే మాట. కళ్ళెం అంటే ఒకరి నోట్లో ఉండే వస్తువని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. పాప మాత్రం వెంటనే "అమ్మా, దానికి నొప్పి పుడుతోందని వాళ్ళకి తెలీదా?" అంది. తెలుసో తెలీదో నాకూ అర్థం కాలేదు.

నా ప్రశ్న ఇది. అన్నా సీవెల్ 1877లో ఈ నవల వేసినప్పుడు లోపలి పేజీలో గుర్రాల భాష నుంచి అనువదించినట్టు తన పేరు వేసుకున్నారు, అంటే కథకుడిగా గుర్రాన్ని పెట్టడం ఆవిడ బాగా ఆలోచించి చేసిన పనే. ఇదే కథ ఒక మనిషి చెప్పుంటే ఇంత తాకేదా? ఇలాంటి కథకుడు మనం మామూలే అనుకునేవాటిని నిజంగా కదిలిస్తాడా, లేక కాసేపు జాలిపడి పుస్తకం మూసేస్తామా? ఈ పుస్తకం గానీ ఇలాంటివి ఇంకేమైనా గానీ చదివినవాళ్ళు చెప్పండి.

రాత్రిబండి:

మా నాన్న హైదరాబాద్‌లో పదకొండేళ్ళు అద్దె ఆటో నడిపాడు. అందుకని నాకు ఈ పుస్తకంలో గుర్రం కంటే ముందు లండన్ బండివాళ్ళు కనిపించారు. శామ్ అని ఒకాయన వస్తాడు, చిరిగిన బట్టలు, నీరసించిపోయిన గుర్రం. గుర్రాన్ని అలా హింసిస్తున్నావేంటని బండ్ల అడ్డాలో ఇంకో బండాయన అడిగితే శామ్ లెక్క చెప్తాడు: ఒక బండికీ రెండు గుర్రాలకీ కలిపి ఓనరుకి రోజుకి 18 షిల్లింగులు కట్టాలి, అంటే ఒక్కో గుర్రం నుంచి 9 షిల్లింగులు లాగాకే తన కోసం సంపాదన మొదలవుతుంది, రోజుకి పద్నాలుగు, పదహారు గంటలు తిరిగినా ఇల్లు గడవడం కష్టం. ఇది చదివి పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మా ఇంట్లో రోజూ సాయంత్రం ఇదే లెక్క. "అద్దె వెళ్ళిందా?" అని అమ్మ అడిగేది, వెళ్ళిందంటే కూర ఏం వండాలో ఆలోచించేది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. ఈ మాటలు బండెక్కే దొరలకి ఎప్పుడూ వినపడవు, బండివాళ్ళు వాళ్ళ ముందు మాట్లాడరు. గుర్రం ముందు మాత్రం అందరూ మాట్లాడతారు. అడ్డాలో నిలబెట్టిన గుర్రం ఉందని ఎవరూ లెక్కలోకి తీసుకోరు కాబట్టి యజమానులూ, బండివాళ్ళూ, సాయీసులూ ఎవరి గోడు వాళ్ళు చెప్పుకుంటారు, అన్నీ దాని చెవిన పడతాయి. ఒక దొరబాబో, ఒక విలేకరో కథకుడైతే ఈ అన్ని చోట్లకీ వెళ్ళలేడు. ఎవరూ పట్టించుకోనిదానికే అన్నీ తెలుస్తాయి. కారు డ్రైవర్లూ ఇంట్లో పనిచేసేవాళ్ళూ ఉండగానే మనం ఫోన్లో ఏమేం మాట్లాడేస్తామో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇంకొకటి చెప్పాలి. జెర్రీ అనే మంచి బండాయన కొత్త సంవత్సరం రాత్రి ఇద్దరు పెద్దమనుషుల కోసం పదకొండింటికి వెళ్ళి, చలిలో, సన్నటి మంచువానలో రెండుంపావు గంటలు నిలబడతాడు. వాళ్ళు లోపల పేకాట ఆడుతుంటారు. బయటికొచ్చాక ఆలస్యమైందని ఒక మాటైనా అనరు, పైగా వెయిటింగ్‌కి డబ్బులివ్వాల్సి వచ్చిందని కోపం. ఆ చలికి జెర్రీ మంచం పడతాడు, ఇక బండి తోలనే కూడదంటారు. మా నాన్న ఇలాగే ఒక ఫంక్షన్ హాల్ బయట డిసెంబర్ 31 రాత్రి నిలబడి, తెల్లారుజామున ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా పడుకున్నాడు. వెయిటింగ్ డబ్బులు అడిగితే "నీకేం పని, ఊరికే కూర్చున్నావుగా" అన్నారట. బండి పక్కన నిలబడి ఆ మాట విన్న గుర్రం అక్కడ లేదు, అందుకే ఆ కథ ఎవరికీ తెలీదు.

వేపనీడ:

మీ ఇద్దరూ రాసింది చదివి మనసు బరువెక్కింది, అయినా నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

ఈ గుర్రం మరీ మంచిది. చిన్నప్పుడే దాని తల్లి చెప్తుంది, బాగా పనిచెయ్యి, కరవకు, తన్నకు అని. అది చివరిదాకా ఆ మాట దాటదు. తిరగబడేది జింజర్ అనే ఆడగుర్రం. దాని బతుకు ఎలా అయిపోయిందో మీకు తెలుసు, ఆఖరికి ఒక బండి మీద చచ్చిపోయిన గుర్రం వెళ్తుంటే అది జింజరేనేమో అనుకుని, అదే అయితే దాని కష్టాలు తీరాయని మన కథకుడు తేలికపడతాడు. అంటే ఈ పుస్తకంలో అణిగిమణిగి ఉన్నవాడికి ముసలితనంలో పచ్చిక దొరుకుతుంది, ఎదురుతిరిగినదానికి చావు. యజమాని దయగా ఉండాలంటుంది గానీ అసలు యజమాని ఎందుకు ఉండాలి అని ఎక్కడా అడగదు. పేరు చూడండి: ఒక చోట డార్కీ, ఇంకో చోట బ్యూటీ, ఇంకో చోట బ్లాక్ ఆస్టర్, లండన్‌లో జాక్. చెయ్యి మారినప్పుడల్లా పేరు మారుతుంది, అదేమీ వింత కానట్టు గుర్రం చెప్పుకుంటూ పోతుంది. 1890లో అమెరికాలో జార్జ్ ఏంజెల్ ఈ పుస్తకాన్ని వేసినప్పుడు దీన్ని గుర్రాల 'అంకుల్ టామ్స్ కాబిన్' (అమెరికాలో నల్లవాళ్ళ బానిసత్వం మీద వచ్చిన నవల) అన్నాడు. బానిసలతో పోలిక అప్పుడే తట్టింది, కానీ ఆ పోలికని చివరిదాకా లాగితే వచ్చే ప్రశ్న పుస్తకంలో లేదు.

ఆ ప్రశ్న అడిగిన గుర్రం ఇంకొకటుంది. టాల్‌స్టాయ్ 'ఖోల్‌స్తొమేర్', 1886లో అచ్చయింది, పెద్ద కథ. అందులో మచ్చల గుర్రానికి "నాది" అనే మాట అర్థం కాదు. తనని "నా గుర్రం" అనేవాడు ఒక్కరోజూ తన మీద ఎక్కలేదు, మేత వేసినవాడు వేరే. నేలని నాది అనేవాళ్ళు ఆ నేలని ఎన్నడూ చూడలేదు, దాని మీద నడవలేదు. మనుషులు మంచి పనులు చెయ్యాలనుకోరు, వీలైనన్నిటిని నాది అనిపించుకోవాలనుకుంటారు, అని ఆ గుర్రానికి అనిపిస్తుంది. 1917లో ష్క్లోవ్‌స్కీ అనే రష్యన్ విమర్శకుడు దీన్నే ఉదాహరణగా తీసుకుని, అలవాటైపోయి కంటికి ఆనని దాన్ని కొత్తగా చూపించడమే కళ చేసే పని అన్నాడు. గుర్రాన్ని కథకుడిగా పెడితే సరిపోదు, ఆ గుర్రానికి ఏది అర్థం కావట్లేదో అదే అసలు సంగతి అని నా అభిప్రాయం.

చదువరి:

వేపనీడ గారూ, జింజర్ గురించి మీరన్నది నిజం, నాకూ అది మింగుడు పడలేదు. ఒక్క చోట మాత్రం ఒప్పుకోలేను. రెండో అధ్యాయంలో కుందేలు వేట ఉంది కదా, ఒక్క కుందేలు కోసం ఒక కుర్రాడి మెడ విరిగి చచ్చిపోతాడు, కాలు విరిగిన గుర్రాన్ని కాల్చేస్తారు. మనుషులకి ఈ ఆట ఎందుకంత ఇష్టమో తనకి ఎప్పటికీ అర్థం కాలేదని తల్లి గుర్రం చెప్పి, మేం గుర్రాలమే కదా, మాకేం తెలుసు అంటుంది. మీకు అది లొంగుబాటులా అనిపించిందేమో. నాకు మాత్రం అక్కడ జవాబు చెప్పాల్సినదాన్ని నేనే అనిపించింది.

ఇంకో విషయం. సీవెల్‌కి 14 ఏళ్ళప్పుడు చీలమండ దెబ్బతింది, తర్వాత జీవితమంతా సరిగా నడవలేకపోయింది, ఎక్కడికెళ్ళినా గుర్రబ్బండే ఆధారం. ఆవిడ బండిలో కూర్చునే మనిషి! అప్పట్లో గుర్రం ఠీవిగా కనబడాలని తలని పైకి లాగి వెనక్కి పట్టీతో కట్టేసేవాళ్ళు. నవలలో ఒక దొరసాని ఆ పట్టీని రోజుకో రంధ్రం చొప్పున బిగింపిస్తూ పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తల వంచి బలమంతా మెడపట్టెడ మీద పెడితేనే గుర్రం బండిని లాగగలదు, తల వంచనివ్వకపోతే ఆ బరువంతా వీపు మీదా కాళ్ళ మీదా పడుతుంది. బండిలో కూర్చున్నవాళ్ళకి గుర్రం వీపే కనిపిస్తుంది, నోట్లో నురగ కనపడదు. ఆవిడ వెనక సీట్లోంచి దిగి, ముందుకెళ్ళి, ఆ నోట్లోకి వెళ్ళి రాసింది. చివరి ఏళ్ళలో మంచం మీద నుంచే రాస్తే తల్లి సాపు రాసిపెట్టింది. పుస్తకం వచ్చిన ఐదు నెలలకే, 1878 ఏప్రిల్‌లో చనిపోయింది.

పల్లెబడి టీచర్:

ఆలస్యంగా చూశాను. నేను తెలుగు చెప్తాను, కాబట్టి నాకు వెంటనే జాషువా గారి 'గబ్బిలం' (1941) గుర్తొచ్చింది. అందులో గబ్బిలం కథకుడు కాదు, కబురు మోసేది మాత్రమే, ఆ తేడా ఉంది. కానీ గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడగల గబ్బిలంతో శివుడికి తన గోడు చెప్పమని పంపడంలోనే మొత్తం ఉంది. పిల్లలకి అర్థం విప్పి చెప్పక్కర్లేదు, "పక్షి వెళ్ళొచ్చు, మనిషి వెళ్ళకూడదా టీచర్" అని వాళ్ళే అంటారు.

ఆ పాఠం చెప్పాక ఒకసారి తొమ్మిదో తరగతికి హోంవర్క్ ఇచ్చాను, మాట్లాడలేని ఏదో ఒకటి మాట్లాడితే ఎలా ఉంటుందో రాయమని. ఎక్కువమంది చెట్టు, ఎద్దు, చీపురు రాశారు. ఒక పిల్లాడు టీ గ్లాసు రాశాడు. "నేను లోపల రాక్‌లో ఉండను, బయట చూరుకి ఉంటాను. నన్ను వాడినవాళ్ళే కడిగి పెడతారు. వానొస్తే నాలో నీళ్ళు నిండుతాయి. లోపలి గ్లాసులూ నేనూ ఒకే డజను, ఒకే సంచిలో వచ్చాం." ఇంతే, పది లైన్లు కూడా లేదు. జాలి చూపించమని ఎక్కడా అడగలేదు, ఎవరినీ తిట్టలేదు. క్లాసులో పైకి చదివాను. ఆ హోటల్ ఎక్కడుందని ఎవ్వరూ అడగలేదు, అందరూ రోజూ దాని ముందు నుంచే బడికొస్తారు.

వేపనీడ గారు చెప్పిన తేడా ఆ పిల్లాడి రాతలో నాకు కనిపించింది. ఒకే డజనులో వచ్చినవాళ్ళని ఎందుకు విడదీశారన్నది ఆ గ్లాసుకి అర్థం కాలేదు.

చదువరి:

టీచర్ గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ పిల్లాడి రాత జాగ్రత్తగా ఉంచారా? ఇవాళ రాత్రి మేం లండన్‌లో లడ్‌గేట్ హిల్ అనే ఎత్తు దగ్గర గుర్రం కూలిపోయే అధ్యాయానికి వచ్చాం. బండి నిండా సామాను ఎక్కిస్తుంటే, ఇది లాగలేదు నాన్నా, ఇంకో బండి పిలుద్దాం అని ఒక చిన్నపిల్ల అడుగుతుంది, ఎవరూ వినరు. మా పాప అక్కడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మిగతాది రేపు పగలు చదువుదాం అంది.