240 పాయింట్లకు గట్టి రౌతుల దండు ఏది: కేయాస్ నైట్సా, డెమీగ్రిఫ్‌లా, బ్రెటోనియా లాన్సా?

చెర్వుగట్టు రౌతు (నల్లగొండ):
వార్‌హామర్ ఫాంటసీ, అంటే బల్ల మీద బొమ్మలతోని ఆడే యుద్ధపు ఆట, దాని 8వ ఎడిషన్, అంటే 2010 నాటి రూల్స్ మీదనే అడుగుతున్న. 2024ల వచ్చిన ఓల్డ్ వరల్డ్ లెక్కలు ఇందుల కలపకుండ్రి, అక్కడ గుర్రం బేస్ (బొమ్మ కింది పలక) కూడా వేరే.

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు ఆడేటోళ్లందరిదీ 2,000 పాయింట్ల (సైన్యం కొనే లెక్క) ఆటే. వాదన కూడా ఒక్కటే: బరువు గుర్రపు దళాలల్ల అన్నిటికన్న గట్టిది ఏది? నా ఓటు కేయాస్ నైట్స్‌కు. ఒక్కో రౌతు 40 పాయింట్లు. మనిషికి రెండు దెబ్బలు, వెపన్ స్కిల్ (కొట్టే నేర్పు) 5, టఫ్‌నెస్ (గాయం తట్టుకునే శక్తి) 4, సేవ్ (కవచం కాపాడేందుకు డై మీద పడాల్సిన అంకె) 1+. ఎన్‌సార్సెల్డ్ (మంత్రించిన) ఆయుధం ఆ పాయింట్లల్లనే వస్తది. దానితోని బలం 4 కాస్త 5 అయితది, అదీ ప్రతి రౌండ్‌ల. లాన్స్ (రౌతు పొడుగు ఈటె) అయితే చార్జ్ చేసిన, అంటే ఎదుటోని మీదికి దూకిన రౌండ్ అయిపోంగనే కట్టెపుల్లతో సమానం.

కాదనేటోళ్లు లెక్క తోని రాయుండ్రి. "మొన్న ఆటల గెలిచింది" అంటే అది డైస్ సంగతి, దళం సంగతి గాదు.

మిర్యాలగూడ లెక్కలు:
లెక్క అడిగారు కాబట్టి లెక్కతోనే. ముందు పాయింట్లు సమానం చేద్దాం. 6 కేయాస్ నైట్స్ 240. 4 డెమీగ్రిఫ్‌లు (ఎంపైర్ సైన్యంలో పెద్ద జంతువుల మీది రౌతులు) ఒక్కోటి 58 చొప్పున 232. కమాండ్ గ్రూపు (జెండా, నాయకుడు లాంటి అదనపు ఖర్చు) ఎవరికీ వద్దు. ఎదురుగా 40 మంది ఈటెల కాల్బలం, 5 వెడల్పు, 8 వరుసలు, వెపన్ స్కిల్ 3, టఫ్‌నెస్ 3, సేవ్ 5+.

కేయాస్ నైట్స్: 12 దెబ్బలు, 3+కు (డై మీద 3, అంతకంటే ఎక్కువ పడితే) 8 తగులుతాయి. బలం 5 కాబట్టి గాయం 2+కు, 6.67. సేవ్ ఎగిరిపోతుంది. గుర్రాలవి 6 దెబ్బలు: 3 తగిలి, 2 గాయాలై, సేవ్ పోను 1.67. మొత్తం 8.3. ఇది ప్రతి రౌండ్‌కూ ఇంతే.

డెమీగ్రిఫ్‌లు: జంతువుకు మూడు చొప్పున 12 దెబ్బలు, బలం 5, కాబట్టి అక్కడే 6.67. రౌతులు 4 దెబ్బలు, లాన్స్‌తో 2.2. ఆఖర్న కాల్బలం మీద తొక్కుడు, అంటే స్టాంప్, ఒక్కోటి ఒక్కటి తప్పకుండా తగిలేది: 3.3. మొత్తం 12.2. రెండో రౌండ్‌లో లాన్స్ బలం పోయినా తగ్గేది రౌతుల వాటా మాత్రమే, 2.2 కాస్తా 1.5 అవుతుంది. మొత్తం 11.5.

"రౌతు కొద్దీ గుర్రం" అంటారు కదా, డెమీగ్రిఫ్ దగ్గర ఆ సామెత తిరగబడుతుంది. కొట్టేదంతా జంతువే. మీరు ఎన్‌సార్సెల్డ్ ఆయుధానికి చెప్పిన గొప్ప, మొదటి రౌండ్ తర్వాత కూడా బలం తగ్గకపోవడం, వీటికి పుట్టుకతోనే ఉంది.

చెర్వుగట్టు రౌతు:
అక్కా, ఒక్క సందేహం. ఎదుటి దళం ముందు భాగం 5 × 20, అంటే 100 మిల్లీమీటర్లే. డెమీగ్రిఫ్ బేస్ 50 × 75, నాలుగు పక్కపక్కన పెడితే 200 అయితది. నాలుగూ ఎట్ల తగుల్తయి?

మిర్యాలగూడ లెక్కలు:
నడిమధ్యకు సరిగ్గా తాకితే తగులుతాయి. మధ్యలోని రెండు నిండుగా, అంచుల్లోని రెండూ మూల మూల కలిసి. మూల తాకినా తాకినట్టే లెక్క. మీ 6 కేయాస్ నైట్స్‌కూ ఇదే షరతు: 25 × 6 = 150, అంచు రౌతులకు మూలే దిక్కు. ఏటవాలుగా చార్జ్ పెట్టి వీల్ తిప్పేటప్పుడు అర అంగుళం పక్కకు పోయినా ఒక అంచు మనిషి గాలిలో ఉంటాడు. డెమీగ్రిఫ్‌లలో ఒకటి అలా తప్పిపోతే పావు వంతు దెబ్బలు పోయినట్టే. అందుకే చార్జ్ కంటే ముందు టర్న్‌లోనే ఎదురుగా నిలబెట్టుకోవాలి.

పాలమూరు పాచిక (మహబూబ్‌నగర్):
మీరిద్దరు చంపుడు లెక్కలే చూస్తున్నరు. ఎనిమిది మంది చస్తే ఏమైతది? ఎదుటోనికి ఇంక 32 మంది ఉన్నరు, 6 నిండు వరుసలు. మీ కాడ ఉన్నది ఒక్క వరుస. స్టెడ్‌ఫాస్ట్! అంటే వరుసలు ఎక్కువ ఉన్నోడు మొండిగ నిలబడుడు. ఎంత ఓడినా తగ్గింపు లేకుంట సొంత లీడర్‌షిప్ మీదనే టెస్ట్ ఏస్తడు. లీడర్‌షిప్ 7 ఉంటే, రెండు డైస్ కలిపి 7 దాటకుంటే నిలబడ్తడు, అది 36ల 21 సార్లు. పక్కన జనరల్ ఉండి 9 అయితే 36ల 30. దానికి తోడు బ్యాటిల్ స్టాండర్డ్ (సైన్యపు జెండా) ఇచ్చే రీరోల్, అంటే మళ్లొకసారి డైస్ ఏసే అవకాశం, ఉంటే 97 శాతం. నూరు సార్లు గుద్దితే మూడు సార్లు గూడ పారిపోడు. 240 పాయింట్ల దళం ఆడనే ఇరుక్కపోతది, అవుతల మీ పక్కకెల్లి ఇంకో దళం వస్తది.

అందుకే నేను బ్రెటోనియా అంట. నైట్స్ ఆఫ్ ద రెల్మ్ 24 పాయింట్లు, 9 మందికి 216. లాన్స్ ఫార్మేషన్‌ల, అంటే వరుసకు ముగ్గురే నిలబడే వాళ్ల పద్ధతిల, మూడు మందికే ఒక వరుస లెక్క. బార్డింగ్ (గుర్రపు కవచం) ఏసినా గుర్రం నడక 8 తగ్గది. అన్నిటికన్న పెద్దది: వాళ్లు కోర్. 2,000ల 500 కోర్ తప్పకుంట పెట్టాలె గదా, ఆ 500 గూడ గుర్రాలే. కేయాస్ నైట్స్, డెమీగ్రిఫ్‌లు రెండూ స్పెషల్. ముందుగాల 500 ఇంకెక్కడ్నో పెట్టి ఆ తర్వాత గద కొనాలె.

మిర్యాలగూడ లెక్కలు:
స్టెడ్‌ఫాస్ట్ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ దాన్నే కొలబద్దగా పెట్టి చూడండి. ఎదుటివాడి దగ్గర 9 మంది, అంతకంటే తక్కువ మిగిలితే ఒక్క నిండు వరుసే, అప్పుడు స్టెడ్‌ఫాస్ట్ లేదు. కేయాస్ నైట్స్ చేతిలో 40, 32, 23, 15, 7: నాలుగు రౌండ్లు. డెమీగ్రిఫ్‌ల చేతిలో 40, 28, 16, 5: మూడు రౌండ్లు. నాలుగు రౌండ్లంటే పోరు ఎదుటివాడి టర్న్‌లో ముగుస్తుంది. మూడంటే దానికంటే ముందే, మన టర్న్‌లోనే ముగుస్తుంది. ఆరు టర్న్‌ల ఆటలో ఆ ఒక్క రౌండ్ చాలా ఖరీదు.

మీ లాన్స్: ముందు ముగ్గురు, పక్కల నలుగురు, 7 దెబ్బలు. చార్జ్ రౌండ్‌లో 3.9, గుర్రాలతో కలిపి 4.4. రెండో రౌండ్ నుంచి బలం 3: 7 దెబ్బల్లో 4.67 తగిలి, 2.3 గాయాలై, 5+ సేవ్ పోను 1.6, గుర్రాలతో 2. నలభై మందిని అలా తోడాలంటే ఆట అయిపోతుంది.

పాలమూరు పాచిక:
లాన్స్‌ను ఒక్కదాన్నే గుద్దమని ఎవరు చెప్పిన్రు? రెండు లాన్స్‌లు ఒక్కటే టర్న్‌ల, ఒకటి ముందల, ఒకటి పక్కకెల్లి.

చార్జ్ దూరం గూడ లెక్కేయుండ్రి. గుర్రాలకు మూడు డైస్ ఏసి తక్కువది తీసేసి, మిగిలింది నడకకు కలుపుతరు. 16 అంగుళాల చార్జ్‌కు నడక 7 ఉన్నోనికి 9 రావాలె: 52 శాతం. నడక 8 ఉన్న బ్రెటోనియాకు 8 చాలు: 68 శాతం. హై ఎల్ఫ్ సైన్యపు డ్రాగన్ ప్రిన్స్‌లు నడక 9, వాళ్లకు 81. చార్జ్ తప్పితే పెద్ద డై ఎంతో అంతే ముందుకు పోయి, ఎదుటోని ముంగట నడిమైదానంల నిలబడుడే. గుర్రపు దళం చచ్చేది పోరుల గాదు, తప్పిన చార్జ్ తర్వాత.

చెర్వుగట్టు రౌతు:
నడక మాట ఒప్పుకుంట. గని కవచం సంగతి మీరు ఇడిసిపెట్టిన్రు. 1+ సేవ్‌ల ఉన్న కిటుకు ఇది: ఒకటి పడితే ఎట్లయినా పోతది. అంటే 1+ అయినా 2+ అయినా పోయేది ఆరుల ఒక్కటే. బలం 4 దెబ్బ సేవ్‌ను ఒకటి తగ్గిస్తే 1+ కాస్త 2+ అయితది, పోయేది మళ్ల ఆరుల ఒక్కటే. అంటే బలం 4 దెబ్బ మా కవచానికి అసలు లెక్కనే కాదు. మీ 2+ మాత్రం 3+ అయితది, పోయేది రెండింతలు.

హాల్బర్డ్ (గొడ్డలి తల ఉన్న ఈటె, దెబ్బ బలం 4) పట్టినోళ్లు 10 దెబ్బలు కొడితే కేయాస్ నైట్ చచ్చేది 0.4. బ్రెటోనియాకు 5 తగిలి, 3.3 గాయాలై, మూడుల ఒకటి సేవ్ పోయి 1.1, లేడీ దీవెన 6+ వార్డ్ (కవచం పోయినంక ఇంకో సేవ్) తీసేస్తే 0.9. రెండింతల కన్న ఎక్కువ. దానికి తోడు కేయాస్ నైట్స్ ఎదుటోన్ని భయపెడ్తరు. ఎదుటోడు ఫియర్ టెస్ట్ తప్పితే వెపన్ స్కిల్ 1 అయి 5+కే కొడ్తడు.

మిర్యాలగూడ లెక్కలు:
ఇది చాలా మంచి పాయింట్, కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. భయపెట్టే గుణం, 1+ సేవ్, టఫ్‌నెస్ 4 డెమీగ్రిఫ్‌లకు కూడా ఉన్నాయి, పైగా ఒక్కోటి చావాలంటే 3 గాయాలు కావాలి. అయితే అందులో రౌతులకు హాల్బర్డ్ ఇస్తే రెండు చేతులూ కావాలి, పోరులో షీల్డ్ పనిచేయదు, సేవ్ 2+ అవుతుంది. మీరు చెప్పిన కిటుకు మొత్తం పోతుంది. రౌతు దెబ్బలు నాలుగే కాబట్టి వాటి కోసం కవచం వదులుకోవడం నష్టం. లాన్సే ఉంచండి.

దేవరకొండ దుర్గం:
మీరంత కాల్బలం ముంగటనే నిలబడి లెక్కలేస్తున్నరు. ఫిరంగి లెక్క ఎవరేస్తరు?

బలం 10, సేవ్ లేదు, గాయాలు ఒక డై. డెమీగ్రిఫ్‌కు తగిలితే 2+కు గాయం, ఆ తర్వాత 3 గాని అంతకన్న ఎక్కువ గాని పడితే 58 పాయింట్లు పాయె: 56 శాతం. కేయాస్ నైట్‌కు 83 శాతం, పోయేది 40. ముందల నుంచి కొడితే ఒక్క వరుస కాబట్టి ఒక్కడే. పక్కకెల్లి కొడితే 6 రౌతుల వరుస 150 మిల్లీమీటర్లు, అంటే 6 అంగుళాలు. గుండు ఎగిరేది 10 దాకా. వరుస మొత్తం దాని బాటలనే ఉంటది. ఫిరంగి కనిపిస్తే దళాన్ని దాని దిక్కు ముఖం పెట్టి నిలబెట్టుండ్రి, పక్క చూపియ్యకుండ్రి.

మంత్రాల సంగతి: పర్పుల్ సన్ వస్తే ఇనీషియేటివ్ (చురుకుదనం) టెస్ట్, ఒక డై ఆ అంకె దాటితే తప్పినట్టే. కేయాస్ నైట్ 5, తప్పేది ఆరుల ఒకటి. డెమీగ్రిఫ్ 4, తప్పేది మూడుల ఒకటి. తప్పితే మూడు గాయాలు ఉన్నా ఒక్కటి ఉన్నా మొత్తం పోతది. డ్వెల్లర్స్ బిలో అయితే ఉల్టా: బలం టెస్ట్, డెమీగ్రిఫ్‌కు 5, కేయాస్‌కు 4. ఆయుధం ఇచ్చే బలం ఇందుల లెక్కకు రాదు.

అడవి సంగతి గూడ. చార్జ్, మార్చ్ (రెండింతల నడక) అడవిల నుంచి చేస్తే ఒక్కోదానికి ఒక డై, 1 పడితే సేవ్ లేని గాయం. ఆరుగురు కేయాస్ నైట్స్ పోతే సగటున ఒకడు, అంటే 40 పాయింట్లు, ఉత్తగనే. డెమీగ్రిఫ్ ఒక గాయం మింగి ముందుకు పోతది. పులిజూదంల పులిని మేకలు చుట్టుముట్టి కట్టేసినట్టు, తెలివైనోడు అడవులనూ చిన్న దళాలనూ అడ్డం పెట్టే మిమ్మల్ని కడ్తడు.

గద్వాల కోట:
అన్నా, కేయాస్ నైట్స్, డెమీగ్రిఫ్‌లు ఎదురెదురు తగిల్తే ఎవరిది పైచేయి? మా కాడ ఎక్కువగా జరిగేది అదే.

చెర్వుగట్టు రౌతు:
తమ్మీ, ఎవరు చార్జ్ చేసిన్రన్న దాని మీద ఉంటది. కేయాస్ ఇనీషియేటివ్ 5, ముందు కొడ్తరు. ఎన్‌సార్సెల్డ్ ఆయుధంతోని 12 దెబ్బల్ల 8 తగిలి, 5.3 గాయాలై, 3+ సేవ్ పోను 1.8. గుర్రాలతోని 2. ఒక్క డెమీగ్రిఫ్ గూడ పడది. అవి తిరిగి కొడితే గోళ్లకు ఆర్మర్ పియర్సింగ్ (సేవ్‌ను ఇంకొకటి తగ్గించేది) ఉంది: 12ల 6, 4, మా సేవ్ 4+కు దిగి 2. అంటే 80 పాయింట్లు. ఈ లెక్కల మేం ఓడినం, దాచేదేం లేదు.

అదే లాన్స్ పట్టి మేం చార్జ్ చేస్తే బలం 6: గుర్రాలతో కలిపి 3.6 గాయాలు. ఒకటి పడ్తది, మిగిలినవి రౌతులతో కలిపి ఇచ్చేది 1.6. ఆ రౌండ్ మాది.

అందుకే ఆయుధం ఎంచుకునేది ఎదుటి సైన్యం చూసి. ఎక్కువగా కాల్బలం ఉంటే ఎన్‌సార్సెల్డ్. 5+ సేవ్ ఉన్నోని మీద బలం 5, బలం 6 ఒక్కటే, లాన్స్ దండుగ. ఎదుట 1+ రౌతులు ఉన్నరంటే లాన్స్.

దేవరకొండ దుర్గం:
ఇంకో మాట. దళం ఒక్కదాన్నే బరువు తూస్తే లాభం లేదు. స్టెడ్‌ఫాస్ట్ తీసేసేది మన దిక్కు ఎక్కువ వరుసలు ఉన్న దళం. ఎంపైర్ హాల్బర్డియర్ 6 పాయింట్లు, 40 మంది 240, అదీ కోర్‌లనే. వాళ్లు ముందల నిలబడి 8 వరుసలు చూపిస్తే, డెమీగ్రిఫ్‌లు పక్కకెల్లి గుద్దిన రౌండ్‌లనే ఎదుటోడు స్టెడ్‌ఫాస్ట్ పోగొట్టుకుంటడు. పక్కకెల్లి గుద్దినంత మాత్రాన స్టెడ్‌ఫాస్ట్ పోదు, ఇది చానామంది తప్పు చదువుతున్నరు. కేయాస్‌ల గూడ మారాడర్లనే చవక కాల్బలంతోని ఇదే చెయ్యొచ్చు. చేసేటోళ్లు తక్కువ, అందరికి ఖరీదైన వారియర్లే కావాలె, వాళ్లతోని అన్ని వరుసలు రావు.

పాలమూరు పాచిక:
గిది నాకు ఎక్కింది. ఒక్క దళం తీసుకుంటే డెమీగ్రిఫే, ఒప్పుకున్న. సైన్యం మొత్తం గుర్రాలే కావాలంటే మాత్రం బ్రెటోనియా అన్న మాట మీదనే ఉంట.

గద్వాల కోట:
డెమీగ్రిఫ్ బొమ్మలు లేకుంటే వేరే బొమ్మలు పెట్టుకోవచ్చా? బేస్‌లు ఎట్ల చేసుకోవాలె?

మిర్యాలగూడ లెక్కలు:
ఏ బొమ్మైనా పర్లేదు తమ్ముడూ, ఎదుటివాళ్లకు ముందే చెప్పు. బేస్ మాత్రం 50 × 75 కచ్చితంగా ఉండాలి, పైన చెప్పిన మూలల లెక్క అంతా దాని మీదే నడుస్తుంది. 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కపలక కోయించుకో. కోసేవాళ్లకు 49.5 × 74.5 అని చెప్పు. రంగు, ఇసుక అంచుల మీద పడితే ఒక్కో పక్క పావు మిల్లీమీటర్ పెరుగుతుంది, నాలుగు పక్కపక్కన పెట్టేసరికి 202 అయి అంచు మూలలు తాకవు.

చెలక ఎర్రమట్టి వేయాలనుకుంటే నేరుగా వేయొద్దు. నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, పైకి తేలే బురద నీళ్లు వంచేసి, అడుగున మిగిలిన గరుకు ఎండబెట్టి జల్లించి వాడు. కడగని మట్టిలోని మెత్తటి పొడి ఫెవికాల్‌ను పీల్చేసుకుంటుంది, ఆరాక పెచ్చులు ఊడతాయి. ఊడకుండా పైన నీళ్లు కలిపిన ఫెవికాల్ ఇంకో పూత.

లాన్స్‌లు వంగితే వేడి నీళ్లలో పది సెకన్లు ముంచి, నిటారుగా పట్టుకుని వెంటనే చన్నీళ్లలో పెట్టు. మే నెలలో పెట్టెను కారులో వదిలితే మళ్లీ వంగుతాయి, ఆడే చోటికి చేతిలోనే పట్టుకెళ్లు.