ధవళేశ్వరం డ్యామా, బ్యారేజా, అనికట్టా?

ప్రశ్న: నమస్కారమండీ. రావులపాలెం దగ్గర ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. గోదావరి మీద వ్యాసం రాయమంటే పిల్లల్లో సగం మంది ‘ధవళేశ్వరం డ్యామ్’ అని రాశారు. ఇద్దరు ‘బ్యారేజ్’ అన్నారు. లాకుల దగ్గర పనిచేసిన తాతగారిని అడిగి వచ్చిన ఒకమ్మాయి ‘అనికట్’ అని రాసింది. మనకు అన్నీ ఆనకట్టలే కాబట్టి, ఏది తప్పని దిద్దాలో తేలక ఆ కాగితాలు అలాగే ఉంచాను.

జవాబు: మాస్టారూ, ఆ అమ్మాయి మాటను దయచేసి కొట్టివేయకండి. అనికట్ అన్నది ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్న మాటే, మన ఆనకట్టకు తోబుట్టువే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించిన పాత కట్టడాన్ని ఆనాటి ఇంజినీర్లు ఆ పేరుతోనే పిలిచారు. అయితే ఇప్పుడు మనం బస్సులో దాటేది ఆ కట్టడం కాదు, దాని స్థానంలో తరవాత కట్టిన బ్యారేజ్.

ఈ మాటల తేడా కట్టడం ఎత్తులో కన్నా, అది నీటిని ఏం చేస్తుందన్న దానిలో ఉంది. నాగార్జునసాగర్‌లా వెనుక పెద్ద జలాశయం నింపి, నెలల తరబడి నీటిని దాచేది డ్యామ్. నదికి అడ్డంగా కట్టిన తక్కువ ఎత్తు గోడ మీదుగా నీరు పొర్లిపోతుంటే అది వెయిర్. కాటన్ ఆనకట్ట ఈ జాతిదే. గేట్లతో నీటిమట్టాన్ని అదుపుచేస్తూ కాలువల్లోకి మళ్లించేది బ్యారేజ్. ధవళేశ్వరంలో 175 గేట్లున్నాయి. ఎర్రనీరు వచ్చినప్పుడు వంతెన మీద నిలబడి చూస్తే, ఎత్తిన గేట్ల కింద నది సుళ్లు తిరుగుతూ సముద్రం వైపు పోతుంటుంది; దాళ్వా రోజుల్లో అవే గేట్లు దించితే, దిగువన ఇసుక మేటలు బయటపడతాయి, ఎగువన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు నీరు ఎక్కుతుంది. పిల్లలకు ఈ రెండు దృశ్యాలూ చెబితే చాలు. వాడుక ఇంగ్లీషులో బ్యారేజ్‌ను కూడా ఒక రకం డ్యామ్‌గానే చూస్తారు కనుక, ఆ సగం మందికి మార్కు తీసేయకుండా పక్కన సరైన మాట రాసివ్వండి.

ప్రశ్న: చాలా సంతోషమండీ. మరి కాలువను కెనాల్ అనాలా, ఛానల్ అనాలా?

జవాబు: పడవలు తిరిగేందుకో సాగుకో తవ్విన పెద్ద కాలువ కెనాల్. ఛానల్ అంటే నీరు నడిచే దారి, అది తవ్వినదైనా సహజమైనదైనా సరే. అందుకే మన పంట బోదెను ఫీల్డ్ ఛానల్ అంటారు. వీటికన్నా పిల్లలు ఎక్కువగా తడబడేది నదీపాయల దగ్గర: గోదావరిలో వచ్చి కలిసే శబరి ట్రిబ్యూటరీ, గోదావరి నుంచి విడిపోయే గౌతమి, వసిష్ఠ డిస్ట్రిబ్యూటరీలు.