గుట్ట కింద కట్టిన కెమెరాలు పోతున్నాయి, ఎట్లా కాపాడుకోవాలి?

శెనక్కాయ చేను (పెనుకొండ వైపు):

గుట్టను ఆనుకుని మాకు ఆరెకరాల చేను ఉంది. పందులు ఎటునుంచి దిగుతున్నాయో చూద్దామని రెండేళ్ల కింద ఒక ట్రైల్ కెమెరా (ఎదురుగా ఏదన్నా కదిలితే దానంతటదే ఫోటో తీసేది) కొని గట్టు మీద వేపచెట్టుకు కట్టినాను. మొదటి నెలలోనే ఎలుగొడ్డు పడింది, పిల్లను వీపు మీద ఎక్కించుకుని పోతా ఉంది. పిల్ల రెండు చేతులా తల్లి బొచ్చు పట్టుకుని వెనక్కి చూస్తా ఉంది. ఆ ఫోటో చూసినప్పటినుంచి పందుల సంగతి పక్కకు పోయింది. రాత్రిపూట మా గట్టు మీద ఎవరెవరు నడుస్తారో తెలుసుకోవాలని ఇంకో రెండు కొన్నాను. ముళ్ళపంది, నక్క, పునుగుపిల్లి, ఒకసారి చిరుత తోక.

ఇప్పుడు ఒకటే మిగిలింది. మొదటిది పోయినేడు సీతాఫలాల కాలంలో పోయింది. బెల్టు కోసినారు, చెట్టు బెరడు మీద కొడవలి గాటు అట్లే ఉంది. రెండోది మొన్న. సైకిల్ తాళం వేసి పెట్టినా విరగ్గొట్టినారు. అయితే కెమెరాను తీసుకుపోలేదు, పగలగొట్టి అక్కడే పడేసినారు. బ్యాటరీలు గడ్డిలో దొరికినాయి. మెమరీ కార్డు మాత్రం లేదు.

ఒక్కోటి తొమ్మిది వేలు. డబ్బు పోయిన బాధ ఉంది. దానికన్నా, ఆ తల్లి ఈ ఏడు పిల్లతో దిగిందా లేదా అనేది ఆ కార్డులోనే ఉండింది. ఇనప పెట్టె చేయించాలా? ఎత్తులో కట్టాలా? అసలు కెమెరా ఉన్నట్టే తెలియకుండా చేసే దారి ఏదన్నా ఉందా?

పాత వాచరు (అమ్రాబాద్):

అన్నా, కెమెరా వదిలి కార్డు తీస్కపోయిండంటే వానికి కావాల్సింది తొమ్మిది వేలు కాదు. వాని మొకం అందుల పడ్డది, అది కావాలె. ముందుగాల ఆ చెట్టు సుట్టుపక్కల ఉచ్చులున్నయేమో చూడు. బండి క్లచ్ వైరుతోని కడ్తరు, తుప్పు పట్టినంక ఎండుతీగ లెక్కనే కనబడ్తది. కంచె కింద సందుల, నీళ్లకు దిగే తొవ్వల, పొదల నడుమ చూడు. దొరికితే పీకెయ్యకు. ఫోటో తీసి ఫారెస్టు బీటాఫీసరుకు ఫోన్ చెయ్యి. 1972 వన్యప్రాణుల చట్టం కింద ఉచ్చు పెట్టుడు కూడ వేటే.

ఇగ కెమెరా సంగతి. పులుల లెక్కకు జాగకు రెండు కడ్తుంటిమి, ఎదురెదురుగ, మోకాలెత్తున. పులికి కుడి దిక్కు చారలు ఎడమ దిక్కు చారలు ఒక్క తీరుగ ఉండవు, అందుకే రెండు. దాంతోని ఇంకో లాభం ఉంది. ఒకదాని మీద చెయ్యేసినోడు రెండోదాంట్ల పడ్తడు. నువ్వు గూడ కింద ఒకటి, పైన ఒకటి పెట్టు. పైది పన్నెండు అడుగుల ఎత్తున కట్టి, వెనక చెక్కముక్క దోపి కిందికి వంచు. గుట్టల నడిచెటోడు ముండ్లు చూస్కుంట నడుస్తడు, పైకి చూడడు. నిచ్చెన మాత్రం ఇంటికి తెచ్చుకో. కట్టినంక చెట్టు కింద నువ్వే వంగి నడిచి చూడు, ఫోటో పడ్తదో లేదో తెలుస్తది.

ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ 850 నానోమీటర్ల రకమైతే రాత్రి చిన్న ఎర్ర వెలుగు కనబడి దొరికిపోతది. 940 రకం కండ్లకు కనబడదు. కాకుంటే దూరం తక్కువ, ఫోటో జర మసక. పై కెమెరాకు అదే తీస్కో. ఇనుప పెట్టె ఎలుగు కొరకకుండ పనికొస్తది, మనిషికైతే ఒక్క ఆక్సా బ్లేడు చాలు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరొస్తే ఆ తొవ్వ మీదియి మేమే ముందు విప్పేస్తుంటిమి. జనం తిరిగే రోజులల్ల కెమెరా ఇంట్ల ఉండుడే మంచిది.

కంపచెట్టు:

అన్నా, రెండోది ఎవరు పగలగొట్టారో నాకు తెలియదు గానీ మొదటిదాని గురించి ఒక మాట చెప్తాను. మా అమ్మ ఏటా గుట్టకు సీతాఫలాలకు పోతుంది. తెల్లారకముందే ఐదారుగురు ఆడవాళ్లు కలిసి పోతారు, దారిలోనే బయటికి కూర్చుంటారు. అట్లాంటి చోట చెట్టు మీదనుంచి ఒక పెట్టె చూస్తా ఉంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మా ఊరి కొండ కింద కూడా ఒకటి కట్టినారు. అది ఎందుకో చెప్పిన వాళ్లు లేరు. మా అమ్మ ఆ సీజనంతా ఆ దారే మానేసింది.

కెమెరాను దారి వైపు కాకుండా మీ చేను వైపు తిప్పండి. టైమరు ఉంటే రాత్రి ఎనిమిది నుంచి నాలుగు దాకా పెట్టుకోండి. ఆ ఎలుగొడ్డు ఫోటో పెద్దగా ప్రింటు తీయించి ఊర్లో అందరికీ చూపించండి, ముందు ఆడవాళ్లకు. ఇది ఎవరి కోసం పెట్టిందో తెలిస్తే, పోయినప్పుడు ఎవరు తీశారో కూడా వాళ్లే మీ చెవిన వేస్తారు.

శెనక్కాయ చేను:

ఇద్దరికీ దండాలు. ఆడవాళ్ల సంగతి నాకు తట్టనే లేదు, తప్పు నాదే. ఆ వేపచెట్టు కింది దారి సరిగ్గా మీరు చెప్పినట్టిదే. నిన్న సాయంత్రం ఫోటో తీసుకుని నలుగురి ఇండ్లకు పోయి చూపించినాను. ఒకామె పిల్ల మొహం మీద వేలు పెట్టి, "చంటోడు మాదిరే ఉన్నాడే" అనింది.

ఉచ్చులు ఉన్నాయి. పొద్దున కంచె వెంబడి పోతే రెండు దొరికినాయి, క్లచ్ వైరే. ఒకదానికి నల్ల వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. బీటాఫీసరు మధ్యాహ్నం వస్తానన్నాడు. అంతదాకా అక్కడే కూర్చున్నాను, కాళ్లు ఆడలేదు. అన్నా, అవి ఎలుగువో కావో ఎట్లా తెలుస్తుంది?

పాత వాచరు (అమ్రాబాద్):

ఒక్క వెంట్రుక ఎండకు పట్టి కొస చూడు. పందిదైతే బిరుసుగుండి కొసకు చీలి ఉంటది, చీపురు పుల్ల లెక్క.

శెనక్కాయ చేను:

చూసినాను. చీలి ఉంది అన్నా. మూడు చూసినాను, మూడూ చీలే ఉన్నాయి.

మిగిలిన కెమెరాను చింతచెట్టు మీద కట్టినాను, చేను వైపు తిప్పి.