తాబేలుకి పెరుగన్నం, పాలకూర, చికెన్ పెట్టొచ్చా?

చిట్టి98: మాది రెడ్ ఇయర్డ్ స్లైడర్, చెవి పక్కన ఎర్ర చార ఉంటుంది కదా అదే. గింజల ఫుడ్ అయిపోతే అమ్మ పెరుగన్నం వేస్తోంది, ఇష్టంగా తింటోంది. ఏమన్నా అవుద్దా?

బెజవాడబాబు: ఏం కాదమ్మా. మాదానికి ఆరేళ్ళ నుంచి అన్నం, పాలకూర, చికెన్ ముక్కలే, శుభ్రంగా ఉంది. ఊరికే భయపెడతారు జనం.

నీళ్ళతొట్టి: బాబు అన్నా, తింటోంది అంటే ఒంటికి పడుతోందని కాదు. అమ్మినాయన ఏదైనా తింటుంది అన్నాడని నేనూ రెండేళ్ళు ఉత్త చికెనే వేశా, ఒకరోజు నీళ్ళు మారుస్తూ పట్టుకుంటే డిప్ప అంచు బొటనవేలు కింద తడిసిన అట్టలా లోపలికి పోయింది, నా గుండె జారిపోయింది. చికెన్ కండలో క్యాల్షియం కన్నా ఫాస్ఫరస్ పది రెట్ల పైనే, దానికి కావాల్సింది అటుదిటు, అంటే క్యాల్షియమే ఎక్కువుండాలి. తిండిలో లేకపోతే సొంత ఎముకల్లోంచే లాక్కుంటుంది, డిప్ప కూడా ఎముకే కదా.

బెజవాడబాబు: సరే చికెన్ వదిలెయ్, పాలకూర ఆకే కదా, బయట చెరువుల్లో ఆకులు తినవా?

నీళ్ళతొట్టి: తింటాయి, కానీ పాలకూర, తోటకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, ఉన్న క్యాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. ఎప్పుడో ఒక ఆకు వేస్తే చచ్చిపోదు, రోజూ అదే అయితేనే గొడవ. పెరుగు, పాలు, పనీర్ మాత్రం అసలొద్దు చిట్టీ, పాలు అరిగించుకునే శక్తి వాటికి లేదు, విరేచనాలు పట్టుకుంటాయి. అన్నంలో సత్తువ లేదు, పైగా పూటలో తొట్టి నీళ్ళు కంపు కొడతాయి. ఉప్పు వేసిన ఎండు రొయ్యలు, చిప్స్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా వద్దే వద్దు. ఫుడ్ అయిపోయిన రోజు క్యారెట్ తురుము, చిలగడదుంప, మందారాకు వెయ్యి, తొట్టిలో కటిల్ బోన్, అంటే కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో ఉండే క్యాల్షియం పెంకు, ఒకటి పడేస్తే అదే కొరుక్కుంటుంది. ఎండ కూడా నేరుగా తగలాలి, కిటికీ అద్దంలోంచి వచ్చేది పనికిరాదు.

చిట్టి98: ఇప్పుడే నొక్కి చూశా అక్కా, వెనక అంచు కొంచెం వంగుతోంది. అరచేతిలో సగం కూడా లేదు ఇది.

నీళ్ళతొట్టి: అంత పిల్లదైతే అంచు కాస్త వంగడం మామూలే. నడి డిప్ప నొక్కి చూడు, అది మెత్తగా ఉన్నా, కళ్ళు వాచి తెరవకపోయినా ఆగకుండా తాబేళ్ళని చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, మందు షాపులో క్యాల్షియం సిరప్ కొని నువ్వే పోసెయ్యకు.

బెజవాడబాబు: ఇంటికెళ్ళాక మాదాన్ని కూడా నొక్కి చూస్తా.