ఆయిల్ మార్చిన ప్రతిసారీ డ్రెయిన్ దగ్గర చుక్కలు: మీరేం చేస్తున్నారు?

బేగంపేట_172
మా ఫ్లయింగ్ క్లబ్ సెస్నా 172 విమానంలో ఉన్నది లైకమింగ్ ఓ-320 ఇంజను. 50 గంటలకి ఆయిల్, ఫిల్టర్ మార్చాం. గ్రౌండ్ రన్ ఇచ్చి, అంటే నేల మీదే ఇంజను నడిపి చూస్తే అంతా పొడిగానే ఉంది. తెల్లారి కౌలింగ్ (ఇంజను మీది మూత) తీస్తే క్విక్ డ్రెయిన్ (పానా లేకుండా ఆయిల్ వదిలే స్ప్రింగు వాల్వు) కొసన చుక్క వేలాడుతోంది, కింద నోస్ వీల్ మీద నల్లటి చార. పోయినసారీ ఇదే వరస. రెండు ప్రశ్నలు. ఇది ఆగాలంటే ఏం చేయాలి? క్విక్ డ్రెయిన్ పీకేసి మామూలు ప్లగ్ పెట్టి, ఊడకుండా సేఫ్టీ వైరు కట్టుకోవడం మేలా?

పానా_పట్టిన_చెయ్యి
క్విక్ డ్రెయిన్ పేరెత్తితేనే నాకు మండుద్ది. ఆయిల్ వంచేటప్పుడు ఇసుక రేణువంత చెత్త లోపలి రబ్బరు ఓ-రింగ్ మీద కూర్చుందంటే స్ప్రింగ్ ఎంత తోసినా పూర్తిగా మూసుకోదు. కింద డబ్బా పెట్టి, కొత్త ఆయిల్ కొంచెం పోసి, రెండు మూడు సార్లు తెరిచి మూస్తే చాలాసార్లు కడుక్కుపోతుంది. అప్పటికీ ఆగలేదంటే ఓ-రింగ్ గట్టిపడినట్టే. ఎండాకాలం ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) మీద మాడే బండ్లకి ఇది మామూలే.

రాణిగంజ్_ఉస్తాద్
అరే భాయ్, గింత దానికి ఇంత లొల్లి ఎందుకు? రాగి వాషర్ తీసి పొయ్యి మీద ఎర్రగ కాల్చి నీళ్లల్ల ఎయ్యి, మెత్తగైతది. మళ్ల బిగిస్తే చుక్క కారదు. కొత్తది కావాల్నంటే రాణిగంజ్‌ల ఏ సైజు కావాల్నంటే ఆ సైజు చాయ్ పైసలకు దొరుకుతది. నా బుల్లెట్‌కు ఏండ్ల సంది గట్లనే జేస్తున్న.

లైకమింగ్_పెద్దాయన
ఉస్తాద్ గారూ, బుల్లెట్ కారితే పక్కన ఆపి దిగొచ్చు. లైసెన్సు ఉన్నవాడిగా చెబుతున్నా, ఇలాంటి ఇంజన్ల మీద జుట్టు నెరిసిన వాణ్ణి. సర్టిఫైడ్ ఇంజన్లో పెట్టే ప్రతి ముక్కకీ కాగితం ఉండాలి. రెండోది, ఆ సంప్ (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టి) డ్రెయిన్‌కి ఉన్నది పైపు మర, ఎన్‌పీటీ. 16 అంగుళాల పొడవుకి 1 అంగుళం చొప్పున సన్నబడుతుంది. మరలో మర బిగుసుకునే సీల్ అవుతుంది, వాషర్‌కి అక్కడ పనే లేదు. మొదటి మర వదిలేసి మిగతా వాటికి సీలెంట్ పూయాలి. టెఫ్లాన్ టేపు మాత్రం వద్దు, పీలికలు తెగి ఆయిల్ దారిలో పడతాయి. చుక్క ఆగలేదు కదా అని పానా మీద వేలాడారో, సంప్ పగులుతుంది.

రాణిగంజ్_ఉస్తాద్
మరి సెస్నా 150కి వాషర్ ఎందుకున్నది సార్? నా కండ్లతోని చూసిన.

లైకమింగ్_పెద్దాయన
150లో ఉండేది కాంటినెంటల్ ఓ-200. అది నేరు మర, దానికి గ్యాస్కెట్ ఉంటుంది. ఇక్కడ అడిగింది ఓ-320 గురించి.

రాణిగంజ్_ఉస్తాద్
అంటే వాషర్ ఉంటది అని ఒప్పుకున్నట్టే గద. గదే కాల్చమంటున్న.

లైకమింగ్_పెద్దాయన
ఒప్పుకోవడానికి ఇదేమన్నా పంచాయితీనా? అది మీరనుకునే గట్టి రాగి బిళ్ల కాదు. పైన పల్చటి రాగి రేకు, లోపల మెత్తటి కూర్పు. ఒకసారి నలిగిందంటే దాని పని అయిపోయింది. కాలిస్తే లోపలిది మాడి పొడి అయిపోతుంది. గట్టి రాగి అయితే కాలిస్తే మెత్తబడుతుంది, అది నిజమే, కాదనను. అయినా విమానానికి కొత్తదే వేస్తాం.

రోటాక్స్_రెక్కలు
మా మైక్రోలైట్ వాళ్లని ఎవరూ పట్టించుకోరు కాబట్టి నేనే చెబుతా. మా రోటాక్స్ 912 ఇంజనుకి ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది. దాని అడుగున డ్రెయిన్ స్క్రూ, క్రాంక్‌కేస్‌కి అయస్కాంతం ప్లగ్. రెండింటికీ 25 న్యూటన్ మీటర్లు, ప్రతిసారీ కొత్త రింగ్, సేఫ్టీ వైర్. ఎంత బిగించామో చూపే టార్క్ రెంచ్ ఉండగా చేతి అంచనాలెందుకో నాకర్థం కాదు.

పానా_పట్టిన_చెయ్యి
టార్క్ రెంచ్ కాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారో కూడా సెలవియ్యండి మరి.

రోటాక్స్_రెక్కలు
స్టిక్కర్ ఫోటో పెట్టమంటారా? వెటకారం ఎందుకు?

కుర్ర_ఏఎంఈ
సార్, కొట్టుకోకండి. వైరుకి అంగుళానికి ఎన్ని మెలికలు? ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్) ఓరల్ పరీక్షలో అడిగితే నీళ్లు నమిలాను. గ్యాస్కెట్ అతుకు ఏ వైపు ఉండాలో కూడా అడిగారు.

లైకమింగ్_పెద్దాయన
6 నుంచి 8, బాబూ. మెలికల కంటే ముఖ్యం, వైరు ప్లగ్‌ని బిగిసే వైపే లాగాలి. గ్యాస్కెట్ నున్నటి ముఖం తిరిగే ప్లగ్ వైపు, అతుకు కదలని వైపు. సంప్ వెనక ఆయిల్ వడగట్టే సక్షన్ స్క్రీన్ ప్లగ్ ఉంటుంది చూశావా, దానికి గ్యాస్కెట్ ఆనాక 135 డిగ్రీలు తిప్పాలి. చాలామంది దాన్ని డ్రెయిన్ ప్లగ్ అనుకుంటారు. ఇంకోటి, 50 గంటలు ఎగరకపోయినా 4 నెలలకి ఆయిల్ మార్చాలి. వానాకాలమంతా హ్యాంగర్‌లో పడుకునే బండ్లకి ఈ సంగతి గుర్తుండదు.

సంప్‌_కింద_సంజీవి
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఇంజను కడిగారా అని ఒక్కరూ అడగలేదు! కారేది డ్రెయిన్ అని ఎవరు తేల్చారు? సంప్ అన్నిటికంటే కిందుంది. రాకర్ కవర్ కారినా, పుష్‌రాడ్ ట్యూబ్ కారినా, సిలిండర్ నుంచి ఆయిల్ వెనక్కి తెచ్చే డ్రెయిన్‌బ్యాక్ గొట్టం కారినా ఆయిల్ జారి జారి ఆ కొసకే వచ్చి వేలాడుతుంది. ముందు శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. క్రాక్‌లు వెతికే తెల్ల డెవలపర్ స్ప్రే కొట్టి, కాసేపు రన్ ఇచ్చి, టార్చి పట్టుకుని కింద నుంచి పైకి చూస్తూ వెళ్లండి. తెల్లటి పూత మీద తడి ఎక్కడ మొదలైందో అదే దొంగ. పొట్ట కింద మరకలుంటే అది వేరే కథ, 8 క్వార్టులూ (క్వార్టంటే లీటరుకి కాస్త తక్కువ) నింపితే పై క్వార్టుని బ్రీదర్, అదే ఇంజను లోపలి గాలి బయటికి పోయే గొట్టం, ఊదేస్తుంది. 6, 7 మధ్య ఉంచుకోండి.

పానా_పట్టిన_చెయ్యి
క్విక్ డ్రెయిన్ గురించి ఒక మాట. ముక్కు చక్రం ముడుచుకునే బండ్లకి పొడుగు రకం పెడితే గేర్ తగిలి గాల్లోనే తెరుచుకోవచ్చు. 172కి ఆ భయం లేదులెండి.

బేగంపేట_172
కడిగి, స్ప్రే కొట్టి చూశాం. డ్రెయిన్ మూతి, మర రెండూ పొడి. ఎడమవైపు వెనక సిలిండర్, అంటే నాలుగోది, దాని డ్రెయిన్‌బ్యాక్ గొట్టానికి ఉన్న రబ్బరు హోస్ దగ్గర క్లాంపు కింద తడి. గోటితో నొక్కితే హోస్ చెక్కలా ఉంది, అంచున సన్నటి పగుళ్లు. అక్కణ్ణుంచి సంప్ వారగా జారి డ్రెయిన్ దాకా వస్తోంది.

సంప్‌_కింద_సంజీవి
నాలుగూ మార్చండి. మిగతా మూడూ దాని ఈడువే.

బేగంపేట_172
నాలుగూ ఆర్డర్ పెట్టాం, క్లాంపులతో సహా. కాగితంతోనే వస్తాయి ఉస్తాద్ గారూ, ఏమనుకోకండి.

రాణిగంజ్_ఉస్తాద్
నాకేంది భాయ్. మీల ఎవలదన్న బుల్లెట్ కారితె మాత్రం నా తాన్కి తీస్కరాండ్రి.