ప్లగ్ పీకితే సెట్టింగ్స్ ఫైలు ఖాళీ అయిపోతోంది, ఏం చెయ్యాలి?

బూట్‌లూప్:
పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ. లినక్స్ బోర్డు, మెమరీ కార్డు. ప్లగ్ పీకి మళ్ళీ పెడితే సెట్టింగ్స్ ఫైలు ఉంటుంది, సైజు మాత్రం సున్నా. ఒక్కోసారి అసలు బూటే కావట్లేదు. జర్నల్ (మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉన్న ఫైల్‌సిస్టమే వాడుతున్నా. కార్డు మార్చినా అదే వరస. ఎవరైనా చెప్పండి బాబూ.

మ్యూటెక్స్:
ఏ ఫైల్‌సిస్టమ్? మౌంట్ ఆప్షన్లేంటి? ఫైలు ఎలా రాస్తున్నారు?

సోల్డర్‌గన్:
ముందు పవర్ సంగతి చూసుకోండి. ప్లగ్ పీకాక కాసేపు బోర్డుని నడిపే సూపర్ కెపాసిటర్ పెట్టారా? బోర్డు 2 వాట్లు లాగితే, పవర్ పోయాక 3 సెకన్లు నడవడానికి 6 జూల్స్ కావాలి. 5 వోల్టుల నుంచి 3.5 దాకా వాడుకుంటే 1 ఫారడ్ ఇచ్చేది 6.4 జూల్స్ లోపే. వోల్టేజ్ పెంచే బూస్ట్ కన్వర్టర్‌లో నష్టం, ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గే కెపాసిటీ కలిపి 1.5 ఫారడ్ అనుకోండి. అంటే 2.7 వోల్టులవి, 3 ఫారడ్‌లవి రెండు సిరీస్‌లో, రెంటి మీదా వోల్టేజ్ సమంగా ఉంచే బ్యాలెన్సింగ్ రెసిస్టర్లతో. ఛార్జింగ్‌కి కరెంట్ లిమిట్ లేకపోతే ఆన్ చెయ్యగానే సప్లై కుంగుతుంది. పవర్ పోయిందని కనిపెట్టే కంపారేటర్ (వోల్టేజ్‌ని పోల్చి చూసే చిప్), కరెంట్ వెనక్కి పోనివ్వని డయోడ్‌కి ముందు, ఇన్‌పుట్ వైపే ఉండాలి. కెపాసిటర్ వైపు పెడితే వోల్టేజ్ మెల్లగా దిగుతుంది, కబురు అందేసరికి ఉన్న సమయం కాస్తా అయిపోతుంది.

బూట్‌లూప్:
ఈఎక్స్‌టీ4, ఆప్షన్లన్నీ డిఫాల్టే. ప్రోగ్రాం మొదలవగానే ఫైలు ఓపెన్ చేసి అలాగే ఉంచుతాను. నిమిషానికోసారి ట్రంకేట్ చేసి (ఖాళీ చేసి), మళ్ళీ రాసి, ఫ్లష్ చేస్తాను. ఫ్లష్ అయితే కార్డులోకి వెళ్ళినట్టే కదా?

మ్యూటెక్స్:
కాదు. ఎఫ్‌ఫ్లష్ మీ ప్రోగ్రాం బఫర్‌ని కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయకి) ఇస్తుంది, అంతే. ట్రంకేట్ మెటాడేటా (ఫైలు గురించిన వివరాల) మార్పు కాబట్టి 5 సెకన్లకోసారి జరిగే జర్నల్ కమిట్‌లో కార్డు ఎక్కేస్తుంది. కొత్త డేటాకి ఇంకా బ్లాకులే కేటాయించలేదు, డిఫాల్ట్‌గా 30 సెకన్ల దాకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. ఆ మధ్యలో ప్లగ్ పీకితే సున్నా బైట్లే. క్లోజ్ చేసి ఉంటే ఈఎక్స్‌టీ4 కాస్త కనికరించి అప్పుడే రాయడం మొదలుపెట్టేది. దాన్ని నమ్ముకోకండి.

అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైలు తెరిచి రాయండి. ఎఫ్‌ఫ్లష్, ఎఫ్‌సింక్ (డేటా కార్డు చేరేదాకా ఆగే కాల్), క్లోజ్, ఆ తర్వాతే పాత పేరు మీదికి రీనేమ్. చివర్న డైరెక్టరీకి కూడా ఎఫ్‌సింక్. తాత్కాలిక ఫైలుని టీఎంపీ ఫోల్డర్‌లో పెడితే అది వేరే పార్టిషన్ కావచ్చు, అప్పుడు రీనేమ్ పనిచెయ్యదు.

ఆర్‌ఓరూట్:
బూట్ కాకపోవడానికి రూట్‌ని (సిస్టమ్ ఫైళ్ళున్న పార్టిషన్‌ని) రీడ్-ఓన్లీ చెయ్యండి. పైన ఓవర్‌లే పొర, రాతలన్నీ ర్యామ్‌లోకి. డేటాకి వేరే పార్టిషన్. సెన్సర్ రీడింగుల్లాంటివి దాచుతుంటే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెట్టండి, వాల్ మోడ్ (మార్పులు ముందు చిట్టాలోకి), సింక్రనస్ సెట్టింగ్ నార్మల్ చాలు, కరప్ట్ కాదు.

మ్యూటెక్స్:
నార్మల్‌లో ఆఖరి ట్రాన్సాక్షన్లు పోవచ్చు. ఫుల్ పెట్టాలి.

ఆర్‌ఓరూట్:
పోవడం వేరు, కరప్ట్ కావడం వేరు. నేనన్నది డేటాబేస్ తెరుచుకుంటుందని.

మ్యూటెక్స్:
రీడింగ్ పోయినవాడికి ఆ తేడా ఎందుకండీ?

సోల్డర్‌గన్:
రీడ్-ఓన్లీ పార్టిషన్ ఉంటే చాలనుకోవద్దు. కార్డు లోపలి కంట్రోలర్‌కి పార్టిషన్ల సంగతే తెలియదు. డేటా రాస్తున్నప్పుడు అదే ఎరేజ్ బ్లాకులో (ఒకేసారి చెరిపే ముక్కలో) ఉన్న వేరేవాటినీ అటూ ఇటూ జరుపుతుంది. పైగా ఎంఎల్‌సీ (సెల్‌కి రెండు బిట్లు) ఫ్లాష్‌లో ఒకే సెల్‌ని రెండు పేజీలు పంచుకుంటాయి. రెండోది రాస్తుండగా పవర్ పోతే, ఎప్పుడో భద్రంగా రాసిన మొదటిదీ చెడొచ్చు. దానికి ఎఫ్‌సింక్ ఏం చేస్తుంది? ఎస్‌ఎల్‌సీ మోడ్ (సెల్‌కి ఒకే బిట్) ఉన్న ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికించే ఫ్లాష్ చిప్) అయినా వాడాలి, కెపాసిటర్ అయినా పెట్టాలి.

మ్యూటెక్స్:
కెపాసిటర్ పెట్టినా పవర్ పోయిందన్న ఆ కంపారేటర్ సిగ్నల్‌ని బోర్డు జీపీఐఓ పిన్నుకి కలిపి, అందగానే రాతలు ఆపి, సింక్ చేసే కోడ్ ఉండాలి. లేకపోతే అదే చావు 3 సెకన్లు ఆలస్యంగా. మామూలు షట్‌డౌన్ 3 సెకన్లలో పూర్తవుతుందనీ అనుకోకండి.

బూట్‌లూప్:
రీనేమ్ పద్ధతి పెట్టాక ఫైలు ఖాళీ కావట్లేదు. థాంక్సండీ. ఓవర్‌లే తర్వాత చూస్తా.

సోల్డర్‌గన్:
బోర్డుకి ఇన్‌పుట్ 12 వోల్టులా, 5 వోల్టులా? అది చెప్పలేదు మీరు.